మానుసాలె: వేరే గ్రహపు అడవిలో సాలెపురుగు లాంటి వేటజంతువు. ఒళ్ళు ఎట్ల పనిచేయాల?

పెన్నదరి (కడప)
ఒక కథకు వేటజంతువు కావాల. పేరు మానుసాలె. వేరే గ్రహం, మా లంకమల అడవి మాన్ల కంటే నాలుగింతల ఎత్తు మాన్లు. అక్కడ గురుత్వం మన భూమిలో 60 శాతం, గాలిలో ఆక్సిజన్ 30 శాతం (మనకు 21). ఇప్పటిదాకా అనుకున్నవి ఇవి: ఎనిమిది కాళ్ళు, కాళ్ళు చాపితే 2.8 మీటర్లు, బరువు 170 కిలోలు, చిరుతతో సమానంగా పరుగు, మాన్ల మధ్య గూడు కట్టి దుప్పంత జంతువును పడతాది. బరువు గాల్లోంచి తీసింది కాదు. దక్షిణ అమెరికా గోలియత్ సాలెపురుగు కాళ్ళ విస్తీర్ణం 28 సెం.మీ., బరువు 170 గ్రాములు. పొడవు పదింతలు చేస్తే బరువు వెయ్యింతలు. యాడ తప్పు పోయిందో చెప్పండి. మంత్రాలు, మాయలు వద్దు.

గుత్తికోట (అనంతపురం)
బరువు లెక్క సరేనప్పా, దాన్ని మోసే కాళ్ళ లెక్క మరిచినావు. పొడవు పదింతలైతే బరువు వెయ్యింతలు. కాలి అడ్డుకోత వైశాల్యం మాత్రం వందింతలే. అంటే కాలి పెంకు మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు పదింతల బరువు. నీ గురుత్వం కలిపినా ఆరింతలు. సాలెపురుగు కాలు లోపల ఎముక ఉన్న కడ్డీ కాదు, బోలు గొట్టం. గొట్టం విరగక ముందే సొట్ట పోతాది, సొట్ట పోయిన తావునే మడత పడతాది.

పదింతలు వదిలి ఐదింతలు పెట్టు. 1.4 మీటర్లు, 125 రెట్లు బరువు, అంటే 21 కిలోలు. రేసుకుక్క కంటే కాస్త తక్కువ. ఒత్తిడి 5 రెట్లు, గురుత్వం కలిపితే 3 రెట్లు. కాళ్ళను మామూలు నిష్పత్తి కంటే 1.7 రెట్లు లావు చేస్తే ఆ 3 రెట్లు సర్దుకుంటాది. చూసేదానికి సాలెపురుగులా ఉండదు, పీతకు దగ్గరగా ఉంటాది. కొబ్బరి పీతను చూడు. భూమ్మీద నేలపై బతికే కీళ్ళకాళ్ళ జీవుల్లో అదే పెద్దది, 4 కిలోల దాకా, కాళ్ళు చాపితే దాదాపు మీటరు.

పెన్నదరి (కడప)
21 కిలోలంటే భయం పుట్టదన్నా. జపాన్ సాలెపీత మూడున్నర మీటర్లు దాటుతుంది గదా?

గుత్తికోట (అనంతపురం)
దాటుతాది, సముద్రం అడుగున. నీళ్ళు దాని బరువు మోస్తాయి. ఒడ్డుకు తీసి పెడితే కాళ్ళు ఎత్తలేదు. ఇంకొకటి, ఎవరో ఒకరు తెస్తారని ముందే చెప్తున్నా: మెగారాక్నే. అర్జెంటీనాలో దొరికిన శిలాజం, రాక్షస సాలెపురుగని 1980లో పేరు పెట్టినారు. 2005లో మళ్ళీ పరీక్షిస్తే అది సముద్రపు తేళ్ళ జాతిదని తేలింది. రాక్షస సాలెపురుగుకు భూమ్మీద రుజువు లేదు.

కేసీకాలువ (కర్నూలు)
కాలి లావు సంగతి చిన్నది. కాలు ఎట్ల చాచుకుంటాదనేది పెద్దది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

సాలెపురుగు కాలు ముడుచుకునేది కండరంతో. కానీ రెండు ముఖ్యమైన కీళ్ళ దగ్గర (తొడకు మోకాలికి మధ్య, పిక్కకు దాని కింది భాగానికి మధ్య) చాచే కండరమే లేదు. శిరోవక్షంలోని (తల, ఛాతీ ఒకటిగా కలిసిన ముందు భాగం) కండరాలు బిగిసి రక్తాన్ని కాళ్ళలోకి నెడతాయి, ఆ పీడనంతో కాలు తెరుచుకుంటాది. జేసీబీ చెయ్యి నూనెతో లేచినట్టు. చచ్చిన సాలెపురుగు కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని ఉండేది ఇందుకే: పీడనం పోయింది, ముడిచే కండరం మిగిలింది.

కాళ్ళలో కొలిచిన పీడనం నిలబడినప్పుడు సుమారు 50 మి.మీ. పాదరసం, గట్టిగా తన్నుకున్నప్పుడు క్షణకాలం 400 దాకా. మన బీపీ పై అంకె 120 అని గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు ఐదింతల జంతువు: బరువు 125 రెట్లు, పీడనం నెట్టే వైశాల్యం 25 రెట్లు, అంటే పీడనం 5 రెట్లు కావాల. గురుత్వంతో 3 రెట్లు. నిలబడేదానికే 150, దూకాలంటే 1200. పీఎస్ఐలో చెప్తే 23. బైకు ముందు టైరులో 25 కొట్టిస్తాం గదా, దాదాపు అంత. అది ఒక జంతువు రక్తం.

గొట్టం గోడకు దాంతో పేచీ లేదు. 2.5 సెం.మీ. వ్యాసార్ధం, 1 మి.మీ. మందం పెంకైతే చదరపు మిల్లీమీటరుకు 4 న్యూటన్లు పడతాది, గట్టి పెంకు సులభంగా తట్టుకుంటాది. చిక్కంతా కీలు దగ్గరి మెత్తటి పొర. అది వంగాల కాబట్టి మందం పెట్టలేవు. చిరిగేది అక్కడే.

బెలుం చీకటి (కర్నూలు)
కేసీకాలువ గారూ, దూకే లెక్క కూడా వేసేద్దాం. 21 కిలోలు, ఆ గ్రహం మీద మీటరున్నర ఎత్తు ఎగరాలంటే శక్తి 186 జౌళ్ళు. 1200 మి.మీ. పీడనం (160 కిలోపాస్కల్) దూకు పొడుగునా నిలిచినా, కాళ్ళలోకి పోవలసిన రక్తం 1.2 లీటర్లు. నిజానికి కాలు తెరుచుకునే కొద్దీ పీడనం పడిపోతుంది, సగటు సగమే అనుకుంటే 2.3 లీటర్లు. ఒంట్లో ఉండేది బరువులో ఐదో వంతు అనుకుంటే 4 లీటర్ల చిల్లర. సగం రక్తం ఒక్క ఎగురుకు! కీళ్ళ పొర కమ్మరి తిత్తిలా మడతలు మడతలుగా ఉంటే తప్ప అంత రక్తం పట్టే తావే లేదు కాళ్ళలో.

పరుగు సంగతి ఇంకా అన్యాయం. గుండె ఉండేది ఉదరంలో. శిరోవక్షంలో పీడనం పెరిగితే ఉదరం నుంచి వచ్చే రక్తం దాన్ని ఎదిరించి ముందుకు పోలేదు. అంటే పరుగెత్తేటప్పుడే కాళ్ళకు, మెదడుకు తాజా ఆక్సిజన్ ఆగిపోతుంది. మామూలు సాలెపురుగు కూడా కాసేపు ఉరికి కూలబడేది అందుకే. చిరుత పరుగు కొట్టేసేయండి.

పెన్నదరి (కడప)
అయితే చాచే కండరాలు పెట్టేస్తే? వేరే గ్రహం గదా.

లంకమల (కడప)
పెట్టొచ్చు అబ్బీ, అప్పుడు అది ఎనిమిది కాళ్ళ పీత అయితాది. పీతకు, పురుగులకు రెండువైపులా కండరాలుండాయి. నీకు సాలెపురుగే కావాలంటే ఆ లోపం ఉంచుకో, కథకు పనికొచ్చేది అదే. మధ్యే మార్గం ఒకటుంది. సాలెపురుగు శిరోవక్షంలో ఎండోస్టెర్నైట్ అని మృదులాస్థి లాంటి పలక ఉంటాది. కాళ్ళ కండరాలు కొన్ని, పొట్ట పీల్చే కండరాలు దానికే అతుక్కుంటాయి. ఆ పలకను పెంచి, గట్టిపరిచి, కాళ్ళ మొదటి భాగం దాకా కొమ్మలు సాగదీస్తే లోపలి అస్థిపంజరం ఆరంభమైనట్టే. బరువు మోసే పని దానికి, చాచే పని రక్తానికి.

ఇక 1.5 మీటర్లు పైకి ఎగరడం దేనికి? మాను మీద ఉండే జంతువు కింద పడితే చాలు. 3 మీటర్ల కొమ్మ మీద నుంచి ఆ గురుత్వంలో కిందికి రావడానికి ఒక సెకను, తాకేటప్పుడు వేగం సెకనుకు దాదాపు 6 మీటర్లు. కాళ్ళు చాపే పని లేదు, రక్తం ఖర్చు లేదు. వెనక దారం ఉంటాది, వెనక కాలి గోరుతో దాన్ని నొక్కి బ్రేకు వేస్తాది. మన సాలెపురుగులు చేసేది ఇదే. బ్రేకు వేయకపోతే 370 జౌళ్ళు నేరుగా కీళ్ళ మీద పడతాయి. పొర చిరిగితే దాని పని అయిపోయినట్టే.

ఎత్తు మాత్రం 3 మీటర్లు దాటనీయొద్దు. 6 మీటర్లు పెడితే 1.4 సెకన్లు పడతాది, దుప్పి తలెత్తి చూసి ఎగిరిపోయేదానికి అది చాలు.

చిత్రావతి (అనంతపురం)
ఊపిరి మాట. టరాంటులాలకు (గోలియత్ లాంటి పెద్ద బొచ్చు సాలెపురుగులు) రెండు జతల పుస్తకాకార ఊపిరితిత్తులు, పేజీల్లాంటి పలుచని పొరలు, మధ్యలో గాలి. రక్తంలో ఆక్సిజన్ మోసేది హీమోసయనిన్, రాగితో పనిచేసేది, ఆక్సిజన్ తగిలితే నీలం.

పొడవు 5 రెట్లైతే పేజీల వైశాల్యం 25 రెట్లు. ఒంటికి కావలసిన ఆక్సిజన్ బరువు ఘాతం 0.75 చొప్పున పెరుగుతుందనుకుంటే 125కు 37 రెట్లు. లోటు ఒకటిన్నర రెట్లు. మీ గ్రహంలో ఆక్సిజన్ 30 శాతం, మనకంటే 1.43 రెట్లు. దాదాపు అచ్చంగా సరిపోయింది, పెన్నదరి గారు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో! కానీ ఇది ఊరికే కూర్చున్నప్పటి లెక్క. పని చేయాలంటే పేజీలు ఎక్కువ కావాలి. పేజీలు మందమైతే లాభం లేదు, సంఖ్యే పెరగాలి. రెండు జతలు కాక నాలుగు జతలు పెట్టి, ఉదరం కింద కండరాలతో గాలిని లోపలికి బయటికి తోయిస్తే బాగుంటుంది. ఊపిరి తెలిసేలా ఆడే సాలెపురుగు, అదొక్కటే చాలు చదివేవాళ్ళ ఒళ్ళు జలదరించడానికి.

ఒక హెచ్చరిక. ఊపిరి రంధ్రాలు తెరిస్తే నీరు పోతుంది. మన సీమ ఎండాకాలం లాంటి వాతావరణం పెడితే పగలంతా రంధ్రాలు బిగించుకుని మాను తొర్రలో ఉండాలి. వేట రాత్రికే.

గుత్తికోట (అనంతపురం)
తొర్ర అన్నారు కాబట్టి. మా గుత్తి పేరుతోనే ఒక సాలెపురుగు ఉంది, చాలామందికి తెలీదు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన దాన్ని 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించినాడు, పోసిలోథీరియా మెటాలికా. తర్వాత వందేళ్ళు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. గుత్తికి అది రైలెక్కిన దుంగల్లో వచ్చి ఉంటాదని అనుకుంటున్నారు. పాత మాన్ల తొర్రల్లో ఉంటాది, రాత్రి తొర్ర మూతి దగ్గర కూర్చుని తావుకు వచ్చిందాన్ని పడతాది. నీలం రంగు వర్ణకం కాదు, వెంట్రుకల లోపలి సూక్ష్మ నిర్మాణం వెలుతురును విరిచే తీరు. మానుసాలెకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు. చిత్రాలు చూసి రాసుకో, తొర్రలు తవ్వేదానికి మాత్రం పోవద్దు. అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి, తొర్ర ఉన్న పాత మాను పోతే అదీ పోతాది.

పెన్నదరి (కడప)
పరుగు కొట్టేసినా, బరువు 21 చేసినా, తొర్ర పెట్టినా. గూడు అన్నా ఉంచుతారా? దుప్పి తగిలితే తెగిపోదా?

బెలుం చీకటి (కర్నూలు)
ఇక్కడ మీరు గెలిచారు. 40 కిలోల జంతువు సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తే 2000 జౌళ్ళు. మంచి సాలెదారం ఘనపు సెంటీమీటరుకు 150 జౌళ్ళ దాకా మింగగలదు. అంటే 13 ఘ.సెం.మీ., 17 గ్రాముల దారం. అయితే దెబ్బ గూడంతటా సమానంగా పడదు, తగిలిన చోటి పోగులే ఎక్కువ మోస్తాయి. పదిహేనింతలు వేసుకుని పావుకిలో పెట్టుకోండి. పావుకిలో ప్రొటీన్ ఊరికే రాదు, పాత గూడు తినేసి కొత్తది నేయాలి. గుండ్రటి గూళ్ళు కట్టే సాలెపురుగులు చాలావరకు ఆ పని చేస్తాయి.

తెగేది దారం కాదు, కట్టిన కొమ్మ. ఎండు కొమ్మకు కడితే కొమ్మతో సహా పోతుంది.

లంకమల (కడప)
జిగురు సంగతి మరవొద్దు. జిగురు బొట్ల దారం గాలిలోని తేమ పీల్చుకుని పనిచేస్తాది. దుమ్ము, ఆకు పొట్టు పడితే రెండు రోజుల్లో పనికిరాదు. పొడి అడవిలో దువ్వెన దారం మేలు: వెనక కాలి మీది దువ్వెనతో వేల సన్న పోగులను పీకి ఉన్నిలా చేస్తాది, జిగురు లేకుండానే పట్టుకుంటాది. కుప్పం ప్రాంతంలో కంచెలమీద గుంపులుగా గూళ్ళు కట్టే స్టెగోడైఫస్ సాలెపురుగులది ఈ తరహానే.

నన్నడిగితే అసలు పెద్ద గూడే వద్దు. దోవకు అడ్డంగా నాలుగైదు దారాలు నేల మీద, కొసలు తొర్ర దాకా. తగిలితే కాలికి తెలుస్తాది.

కేసీకాలువ (కర్నూలు)
ఆ తెలియడంలో చిక్కుంది. పాదం దగ్గరి పెంకులో సన్నటి చీలికలుంటాయి, కదలికకు పెంకు వంగితే అవి నొక్కుకుంటాయి, నరం పలుకుతాది. గాలి ఊపు నెమ్మది కంపనం, జంతువు అడుగు వేగమైన కంపనం, తేడా సులభంగా పడతాది. కానీ సంకేతం పోయేది ఎంత దూరం? 70 సెం.మీ. కాలు. మైలిన్ తొడుగు (సంకేతాన్ని వేగంగా పంపే కొవ్వు పొర) లేని సన్న నరంలో సెకనుకు 3 మీటర్లనుకుంటే పోనూ రానూ అరసెకను. పైనుంచి పడే సెకను దానికి కలుపు, దుప్పి దాటిపోయింది.

చిత్రావతి (అనంతపురం)
ఆక్టోపస్‌కు ఉన్నట్టు కాలికొక నాడీకేంద్రం పెడితే?

కేసీకాలువ (కర్నూలు)
సాలెపురుగుకు కుదరదు మేడం. దాని నాడీ ముడులన్నీ శిరోవక్షంలో ఒకటిగా కలిసిపోయి, ఆహారనాళం చుట్టూ ఉంగరంలా ఉంటాయి. కాళ్ళలో మెదడు లేదు. కుదిరేది లావు నరం. స్క్విడ్‌లో అర మిల్లీమీటరు దాటిన నరం ఉంటాది, సెకనుకు 25 మీటర్లు. కాలికి ఒకటి చొప్పున అలాంటిది పెడితే అరసెకను కాస్తా సెకనులో ఇరవయ్యో వంతుకు దిగుతాది. ఉంగరం పెరగకూడదు, అది పెరిగితే గొంతు ఇరుకైతాది. అంటే మానుసాలె తెలివైనదని రాయొద్దు.

పెన్నదరి (కడప)
గొంతు ఇరుకంటే గుర్తొచ్చింది. ఎంత తినాల? వారానికొక దుప్పి అనుకున్నా.

చిత్రావతి (అనంతపురం)
అయ్యో, అంత అక్కర్లేదు. 21 కిలోల క్షీరదానికి విశ్రాంతిలో రోజుకు 690 కిలోకేలరీలు. చల్లని రక్తం జంతువుకు అందులో పదో వంతు, 70. అంటే రోజుకు 50 గ్రాముల మాంసం, ఏడాదికి 20 కిలోలు. తిరుగుడు, దారం, గుడ్లు కలిపి రెట్టింపు చేసినా ఏడాదికి ఒక చిన్న దుప్పి. పులికి ఏడాదికి యాభై దాకా కావాలి. కాబట్టి ఒక పులి తిరిగే అడవిలో మానుసాలెలు పదుల్లో ఉండొచ్చు. ఒక్కటి కాదు, ప్రతి పెద్ద మానులో ఒకటి.

తినే తీరు మాత్రం నెమ్మది. నమలలేదు. రసం వదిలి కరిగించి పీల్చాలి, గొంతులోని జల్లెడ మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటిన రేణువును కూడా పోనివ్వదు. పొట్ట ఉబ్బినా ఒకసారికి 6, 7 కిలోలు మించదు. 40 కిలోల దుప్పిని పడితే మిగిలింది రెండో రోజుకే కుళ్ళి ఈగల పాలు. దానికి అనువైన ఎర 5 నుంచి 8 కిలోలది, ఏడాదికి ఆరేడు.

లంకమల (కడప)
ఇక అందరూ వదిలేసినది. కుబుసం. పెద్ద సాలెపురుగు కథలన్నీ పడిపోయేది ఇక్కడే.

విడిచే వరస ఇది: ఉదరం నుంచి రక్తం శిరోవక్షంలోకి తోస్తాది, పై మూత అంచు పగిలి డబ్బా మూతలా లేస్తాది. తర్వాత ఉదరం చర్మం చీలుతాది. ఆఖరున ఎనిమిది కాళ్ళను చేతితొడుగులోంచి వేళ్ళు లాగినట్టు ఒక్కో ఊపుకు కొంచెం కొంచెం లాగుతాది. కాళ్ళే కాదు, ఊపిరితిత్తుల పేజీల మీది పొర, పీల్చే పొట్ట లోపలి పొర కూడా బయటికి రావాల. కాలు ఇరుక్కుంటే తుంచుకుని బతుకుతాది, మొదటి కీలు దగ్గర తెగి కండరం బిగిసి రక్తం ఆగుతాది, తర్వాతి కుబుసాలతో మళ్ళీ మొలుస్తాది. పొట్ట పొర ఇరుక్కుంటే తినలేక చస్తాది. ఒంట్లో నీళ్ళు చాలకపోతే సగంలో ఆగిపోతాది.

ఇప్పుడు 21 కిలోల మెత్తటి ఒళ్ళు. పెంకు గట్టిపడేదాకా నేల మీద ఉంటే కాళ్ళు చపాతీ పిండిలా సాగి వంకర పడి అట్లే గట్టిపడతాయి. దారానికి వేలాడితే సాగుతాయి. దారి ఒక్కటే, నీళ్ళు. కొండ మీది దొనలు ఉండాయి గదా, వానకు నిండే రాతి గుంటలు? మానుసాలె వానలు మొదలు కాగానే దొనలోకి దిగాల. కాళ్ళు, శిరోవక్షం నీళ్ళలో, ఉదరం కింది ఊపిరి రంధ్రాలు గట్టు మీద. నీళ్ళు బరువు మోస్తాయి. వారం పది రోజులు కోరలు కూడా మెత్తగా ఉంటాయి, కరవలేదు. వానలు తప్పిన ఏడు పెద్దవి కుబుసం విడవలేవు. విడవబోయినవి వంకర కాళ్ళతో మిగులుతాయి.

పెన్నదరి (కడప)
దొన అదిరింది అన్నా. అయితే కథానాయకుడు దాన్ని దొనలో పట్టుకుంటాడు. మామూలు రోజుల్లో ఎదురైతే యాడ కొట్టాల?

కేసీకాలువ (కర్నూలు)
పెంకు మీద కొట్టి లాభం లేదు. కీలు పొర, లేదా ఉదరం. ఉదరం చర్మం మెత్తన, అక్కడ తూటు పడితే రక్తం కారే కొద్దీ కాళ్ళు చాచుకోలేదు, ముందు దూకలేదు, తర్వాత నిలబడలేదు. ఒక్కటి మాత్రం రాయాల: ముడిచే కండరాలకు పీడనంతో పని లేదు. కింద పడ్డాక చెయ్యి పెడితే కాళ్ళు దగ్గరికి బిగుసుకుంటాయి, కోరలు కూడా కండరంతోనే దిగుతాయి. పడిపోయింది గదా అని దగ్గరికి పోయినవాడే పోతాడు.

బెలుం చీకటి (కర్నూలు)
పిల్లల లెక్క ఎవరూ వేయలేదు. గోలియత్ తల్లి వంద, రెండొందల గుడ్లు పెడుతుంది. ఇక్కడ గుడ్డు 10 గ్రాములు, రెండొందలైతే 2 కిలోలు, తల్లి మోయగలదు. కుబుసం విడిచిన ప్రతిసారీ బరువు రెట్టింపు అనుకుంటే ఏడు కుబుసాలకు 1.3 కిలోలు, పదకొండుకు 20 కిలోలు. చిన్నవి ఏడాదికి మూడు నాలుగు సార్లు విడుస్తాయి, వాటికి దొన అక్కర్లేదు, తొర్రలో తేమ చాలు.

ఇప్పుడు 1 కిలో పిల్లను తీసుకోండి. గోలియత్ కంటే పొడవు 1.8 రెట్లు. గురుత్వం 0.6తో గుణిస్తే 1.08. అంటే కాళ్ళ మీద ఒత్తిడి, కావలసిన పీడనం మన భూమ్మీది టరాంటులాకు ఎంతో దానికీ అంతే. ఇంతసేపు తల్లికి మనం కొట్టేసినవన్నీ, ఎగురు, ఉరుకు, దానికి ఉన్నాయి. అరమీటరు విస్తీర్ణం, పిల్లికంటే తేలిక, నిలువు మాను మీద పైకీ కిందికీ. ఆక్సిజన్ 30 శాతం దానికి మిగులే, లోటు కాదు.

పెన్నదరి (కడప)
అంటే అడవిలో భయపడాల్సింది తల్లికి కాదు.

బెలుం చీకటి (కర్నూలు)
తల్లి ఏ మానులో ఉందో తెలిస్తే 3 మీటర్లు దూరంగా నడిస్తే సరిపోతుంది. కిలో బరువువి ఏ మానులో ఉన్నాయో తెలియదు. రాత్రి టార్చి నుదుటి దగ్గర పెట్టుకుని చూడమనండి మీ కథానాయకుణ్ణి. తోడేలు సాలెపురుగులకు ఉన్నట్టు కంటి వెనక అద్దం పొర పెడితే వెలుతురు తిరిగొచ్చి కళ్ళు మెరుస్తాయి. టార్చి చేత్తో కింద పట్టుకుంటే ఆ మెరుపు అతని కంటికి రాదు.

గుత్తికోట (అనంతపురం)
తల్లులు ఈ పిల్లలను కూడా తింటాయని కలుపు. సొంతవే అయినా సరే, గుడ్డు సంచి వదిలిన కొన్ని వారాల తర్వాత గుర్తుపట్టవు. 5 కిలోల పిల్ల అంటే దానికి సరైన ఎర కొలత అని చిత్రావతి గారు పైన చెప్పినారు గదా.

పెన్నదరి (కడప)
నాలుగో అధ్యాయం మొత్తం తిరగరాయాల. దొన దగ్గర తల్లి మెత్తగా పడి ఉంటే చుట్టూ రాళ్ళ మీద కిలో, రెండు కిలోలవి వచ్చి కూర్చుంటాయి, అది గట్టిపడేలోపల. వాటి కోరలు గట్టివే గదా ఆ సమయంలో?

లంకమల (కడప)
గట్టివే. వాటి కుబుసం కాలం వేరు.